బాయిలర్ గదిలో నాలుగో లెక్క

నరిన్ బడిలో కరెంటు పోయిన సాయంత్రం
వెలుగున్న గది నాదొక్కటే.
పొయ్యి మూత సందుల్లోంచి కారే ఎర్రదనం
దగ్గరగా కూర్చుంటే
ఒక పుస్తకానికి సరిపోతుంది.

ఎల్దియార్ బకెట్ బోర్లించి కూర్చున్నాడు.
రొట్టెల బట్టీ నుంచి వాళ్ళమ్మ వచ్చేదాకా
నాతోనే. టోపీ తీయడు, ముక్కు తుడుచుకోడు.
"సాగిన్ తాతా, నాలుగోది రావట్లేదు."

నాకు మాత్రం వచ్చిందా ఎప్పుడైనా?
ఏడో తరగతిలో గొర్రెల వెంట కొండెక్కాను.
దిగేసరికి తరగతి నన్నొదిలి వెళ్ళిపోయింది.
అయినా, చదవరా, అన్నాను.

"బ్రాకెట్లో ఇక్స్, దానికి కలిపి నాలుగు.
బ్రాకెట్ బయట మూడు.
సమానం గుర్తుకి అవతల
రెండు ఇక్స్‌లూ పందొమ్మిదీ."

ఇక్స్ అంటే?
"తెలీనిది."
తెలీనిదానికి పేరెందుకురా?
"పేరు లేకపోతే ఎలా పిలుస్తాం తాతా!"

వాడు గబగబా రాశాడు:
మూడు ఇక్స్‌లు, నాలుగు.
అటువి ఇటు తెచ్చి, ఇటువి అటు పంపి
పదిహేను తేల్చాడు.
పుస్తకం చివరి పేజీ ఒప్పుకోలేదు.
చెరిపి మళ్ళీ చేస్తే మళ్ళీ పదిహేనే.
మూడోసారికి రబ్బరు కింద కాగితం చిరిగింది.
కింది పెదవి కూడా చిరగబోతోంది.

నా చేతిలో ఉన్నది పార.
ఇటు చూడు. మూడు పొయ్యిలు.
ఒక్కోదానికి రోజూ వేసేవి కొన్ని పారలు,
ఎన్నో నీకు చెప్పను.
ఇవాళ చలెక్కువ, ఒక్కోదానికీ ఇంకో నాలుగు.
మొత్తమ్మీద ఎక్కువ పడింది ఎంత?

"నాలు..." అన్న నోరు
తెరిచినట్టే ఉండిపోయింది.
"పన్నెండు!"
మరి నీ కాగితంలో
రెండు పొయ్యిలు చలికి వణుకుతున్నాయి కదరా.

కాగితం చిరిగింది కాబట్టి బొగ్గుముక్కతో గోడ మీద:
మూడు ఇక్స్‌లూ పన్నెండూ.
అటు రెండు ఇక్స్‌లూ పందొమ్మిదీ.
"ఇప్పుడు గీత దాటిస్తే గుర్తు మారుతుంది."
ఎందుకు మారుతుంది?
"జుముగుల్ ఎజె చెప్పింది."
ఆమెకి ఎవరు చెప్పారు?

వాడు గోడకేసి చాలాసేపు చూశాడు.
ఒక పొయ్యి బొగ్గు జారి గుప్పుమంది.
తర్వాత మెల్లగా,
ఇటునుంచి రెండు ఇక్స్‌లు అరచేత్తో తుడిచాడు,
అటునుంచీ రెండు.
ఇటునుంచి పన్నెండు, అటునుంచీ పన్నెండు.
"దాటలేదు తాతా. ఎవరూ ఎటూ దాటలేదు.
రెండు వైపులా ఒకేలా తీశాం, అంతే."
చెయ్యంతా నలుపు.
గోడ మీద మిగిలింది ఇక్స్, ఏడు.

సరిచూడమన్నాను. నాకు లెక్కరాదు గాని
పడిన బొగ్గు తూచకుండా సంతకం పెట్టను.
ఏడూ నాలుగూ పదకొండు, మూళ్ళు ముప్పైమూడు.
పద్నాలుగూ పందొమ్మిదీ ముప్పైమూడు.
పెట్టాను సంతకం.

అయిదో లెక్కలో ఇక్స్ మైనస్ ఏడట.
లేనిదానికంటే ఏడు పారలు తక్కువెలా వేస్తారని
నేను కొట్లాటకి దిగాను.
వాడు పట్టించుకోకుండా సరిచూశాడు:
ఇటు మైనస్ ఇరవైరెండు, అటు మైనస్ ఇరవైరెండు.
తలుపు తీసి థర్మామీటరు చూసొచ్చాను.
బయటా అంతే.
ఇక మాట్లాడలేదు.

వాళ్ళమ్మ వచ్చింది, కోటు నిండా పిండి.
నాకో రొట్టె ఇచ్చి వాణ్ణి తీసుకుపోయింది.
పుస్తకం బకెట్ మీదే ఉండిపోయింది,
ఆరో లెక్క దగ్గర తెరిచి.

పొయ్యిలు మూడూ నింపాను.
బొగ్గుముక్క తీసుకుని
గోడ మీద ఖాళీ చోట
ఇక్స్ అని రాసి
దానికెదురుగా కూర్చున్నాను.