ద్వారబంధం

మొదట కోసింది చక్రాల పైరేకుల్ని.
గ్రైండరు అరుపుకి పక్క పాకలో గొర్రెలు
ఒక్కసారిగా మేత మానేశాయి.
నిప్పురవ్వలు స్వాన్‌లోయిగ్ అత్త ఉన్నిటోపీ మీద రాలి
నల్లచుక్కలై ఆరిపోయాయి.
నా పని టార్చి పట్టుకోవడం.
చెయ్యి కాస్త పక్కకి పోతే చాలు,
"వెలుగు నీ మొహానికి కాదు, బోల్టుకి" అనేది.

ఎనభై ఏడు నాటి ల్యాండ్ క్రూజర్.
మూడుసార్లు రంగు మార్చారు, నాలుగో రంగు తుప్పుది.
డ్రైవరు తలుపు లోపల్నించి తెరుచుకోదు,
అద్దం దించి, చెయ్యి బయటికి చాపి తెరవాలి.
"కొత్తది కొనుక్కోరాదూ" అన్నాడు పొరుగు హల్వర్దుర్,
కాఫీ కప్పు ఇంజను మీద పెట్టి, మర్చిపోయి వెళ్తూ.
ఆ కప్పులో ఇప్పుడు మేకులు పోసుకుంటున్నాం.

"కొత్తదానికి ఎక్కడ నొప్పో చెప్పడం రాదు.
దీనికి ఒక్కో నొప్పికీ ఒక్కో మోత."

ముప్పై ఎనిమిది అంగుళాల టైర్లు
అకురేరి నుంచి చేపల లారీలో వచ్చాయి,
వారం దాకా కాడ్ చేప వాసన.
అవి తొడిగిన రోజే స్పీడోమీటరు అబద్ధం నేర్చింది:
ముల్లు అరవై అంటే రోడ్డు డెబ్బై మూడు.
ఇరుసుల్లో పళ్లచక్రాలు మార్చాక
ఆ అబద్ధాన్ని ఇంకో అబద్ధం కొట్టేసి
ముల్లు దాదాపు నిజం చెప్పింది.
"దాదాపు చాలు" అంది అత్త.

ఏరు బానెట్ దాటి పారినా ఇంజనుకి ఊపిరాడాలని
గాలిగొట్టాన్ని కప్పుదాకా లేపాం.
గాలి తీసినప్పుడు ఊడిరాకుండా
టైరు అంచుని రిమ్ముకి జిగురుతో అంటించాం.
తుక్కయిన ఏదో అమెరికా కారులోని ఏసీ కంప్రెసర్
మాకు గాలిపంపయింది.
జూలైలో స్వెటరు వేసుకునే దేశంలో
పాపం దానికి దొరికిన ఒకే ఒక్క ఉద్యోగం.

ఇదంతా ఎందుకంటే,
సెప్టెంబరులో మంద దిగినప్పుడు లెక్కకు రాని గొర్రెలు ఏడు.
పైన లావా బీటల మధ్య ఎక్కడో ఉన్నాయి.
మంచు ఈసారి ముందే పడింది.
వెళ్లిన గుర్రాలు పొట్టదాకా దిగబడి తిరిగొచ్చాయి.

నవంబరు, తొమ్మిదైనా తెల్లవారని ఉదయం.
మంచు మొదలయ్యే చోట ఆగి
నాలుగు టైర్లకీ గాలి వదిలాం.
బుస్సుమని, చాలాసేపు.
ఇరవై నాలుగు పౌన్ల నుంచి మూడుకి.
విందయ్యాక కూలబడ్డ పెద్దమనుషుల్లా
టైర్లు పొట్టలు జారవిడిచాయి.
అంత బండీ
మంచు పైపొర పగలకుండా పాకింది,
పక్కన నడిచి వెళ్లొచ్చు, అంత నెమ్మది.
నడిచి చూశాను కూడా.
నా కాలు మోకాలిదాకా దిగింది. బండిది బెత్తెడు.

నాలుగు దొరికాయి.
ఐదోది బండ వెనక నిలబడినట్టే బిగుసుకుపోయింది,
దాని చెవిబిళ్ల కోసి జేబులో వేసుకుంది అత్త.
మిగతా రెండూ లెక్కలోనే ఉండిపోయాయి.
వెనకసీటు పీకేసిన చోట బతికినవి ఆవిర్లు కక్కాయి,
అద్దాలన్నీ మసకేశాయి,
దారంతా నా మెడ మీద ఒకదాని ఊపిరి.

రోడ్డెక్కగానే గాలి నింపాం. ఇల్లు చేరేసరికి
రేడియోలో తుపాను.
పనంతా చేసిన గడ్డికొట్టం ఇప్పుడు గడ్డిది,
బండి పాత షెడ్డులో పడుకోవాలి.
మెల్లగా పోనిచ్చింది. కప్పు ద్వారబంధానికి తగిలి ఆగింది.
అన్నీ మిల్లీమీటర్లలో కొలిచాం.
దీన్నొక్కదాన్ని కొలవలేదు.

నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువ.
రంపం తెస్తానన్నాడు హల్వర్దుర్.
ఆ పైకమ్మి, అత్త తాత ఒడ్డున ఏరుకొచ్చిన దుంగ,
సైబీరియా నుంచి సముద్రంలో ఈదొచ్చింది.
అంత రేకు కోసిన మనిషి
వద్దంటూ చేతివేళ్లు ఆడించి
మోకాళ్ల మీద కూర్చుంది, వాల్వు మూతలు విప్పింది.

మళ్లీ బుస్సు.
గొర్రెలు మెడలు చాచి వింటున్నాయి.
బండి మెల్లగా కుంగి, లోపలికి జారింది,
కప్పు మీద ఒక సన్నటి గీత మిగిలింది.
ఐదో రంగు అనుకున్నాను.
టార్చి ఇంకా నా చేతిలోనే ఉంది.
"గీత మీద కాదు," అంది అత్త చీకట్లోంచి,
"తలుపు గొళ్లెం మీద."