తఫ్తీషు

రాత్రి రెండింటికి గొట్టం వచ్చింది,
ఐదు మిల్లీలీటర్లు, ఇంకా గోరువెచ్చగా.
పేరుండాల్సిన చోట పెన్నుతో ఒక గీత,
బతాక నంబరుండాల్సిన చోట ఖాళీ.
వార్డు నుంచి నర్సు లిస్సీ, ఫోన్లో గొంతు తగ్గించి:
"మీ తెలుగువాడే. ఖల్లివెల్లి.
ముఖమంతా సర్పి. ఏడాదిలో మూడోసారి."

అందుకే డాక్టరడిగిన లెక్క ఇది:
పుట్టు హంతకులు
ఎందరున్నారు ఇతని నెత్తుట్లో?

పేరు భయపెడుతుంది గానీ
వాళ్ళది చెక్‌పోస్టు పని.
బడికెళ్ళలేదు, పాత శత్రువు ఫోటో జేబులో ఉండదు.
ఎదురైన ప్రతి కణాన్నీ ఆపి
చొక్కా మీద కార్డు తడుముతారు.
ఉంటే, పో.
వైరస్ దూరిన ఇల్లు తరచుగా దాచేది ఆ కార్డునే.
దాచిందని తెలిస్తే
వీళ్ళు ఒళ్ళానించి నిలబడతారు,
గోడకు సన్నని చిల్లి, చిల్లిలోంచి చిటికెడు విషం.
కణం అరవదు.
పక్కింటికి మరక అంటకుండా
తనను తానే మడతపెట్టుకుంటుంది.

కాలేజీలో ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాను.
జిలీబ్‌లో అద్దెకు దిగాకే
దీనికి భయపడ్డాను.
హసావీ మలుపులో బస్సాపి
"బతాకా! బతాకా!" అన్నప్పుడల్లా
కార్డు నా చేతిలోనే ఉన్నా
చెయ్యి చల్లబడేది.

మెషీన్ చెప్పింది:
వందకు పది ఉండాల్సిన చోట ఒకటి, అదీ సరిగ్గా కాదు.
ఇతని ఒంట్లో కాపలా లేదు.
ఉన్నదంతా బయటే.

డ్యూటీ దిగుతూ చూడబోయాను.
లింబాద్రి. మెట్‌పల్లి అవతల.
"పాస్‌పోర్టు కఫీల్ కాడుందక్కా,
వఫ్రా తోటలకెళ్ళి ఉరికొచ్చిన.
నెత్తురల్ల ఏం దొరికింది?"

ఏం దొరకలేదో ఎలా చెప్పను?
ఎర్ర కణాల సంగతి చెప్పాను.
వాటికీ కార్డు లేదు.
ఎముకలోంచి బయల్దేరేటప్పుడు
కడుపులోని గింజను కూడా తీసి పారేసి వస్తాయి.
నూట ఇరవై రోజులు ఊపిరి మూటలు మోస్తాయి.
హంతకులు వాటి భుజాలు రాసుకుంటూ పోతారు,
ఆపరు.
కార్డు లేకపోవడం ఒక్కటే చాలదట చంపడానికి,
ఆపద గుర్తేదో కూడా కనబడాలట.

"గట్లనా?" అన్నాడు.
కొంచెం ఆగి,
"గా చెక్‌పోస్టోళ్ళు ఏ దేశపోళ్ళక్కా?"
నవ్వబోయి, పొక్కులు లాగితే, సగంలో మానేశాడు.

కిటికీ కింద గేటు దగ్గర
జీపు మీద నీలి దీపం తిరుగుతోంది.
నేను మళ్ళీ ల్యాబ్‌కెళ్ళి
గొట్టం మీద ఆ గీత పక్కన
అతని పేరు రాశాను,
తెలుగులో,
ఏ మెషీనూ చదవలేని అక్షరాల్లో.