రెండో రికార్డు

మొదటి రికార్డు విన్న వారం
చెవుల్లో గింగురు తగ్గలేదు.
డనీడిన్ రేవులో క్రేన్ నడిపే హేమీ
దాన్ని మూడుసార్లు కొన్నాడు, అరగదీసి అరగదీసి.

ఇవాళ రెండోది వచ్చింది.
కొట్లో ముల్లు దించాను.
గిటార్లు అరవలేదు. వానకు తడిసిన మనుషుల్లా
ఒకటి వెనక ఒకటి లోపలికొచ్చి కూర్చున్నాయి.

"పాకం పట్టారు," పెదవి విరిచాడు హేమీ.
"గొంతు వినబడుతోంది," అంది బ్రోనా,
రాత్రి డ్యూటీ దిగి, నర్సు కోటు విప్పకుండానే.
రెండేళ్లుగా ఆ హోరులో
అతనేం పాడుతున్నాడో మాలో ఎవరికీ తెలీదు.
ఒక పేరు. వాళ్ల తమ్ముడిది,
పడవతో పాటు పోయినవాడిది.
పాతది మళ్లీ పెట్టి విన్నాం.
అక్కడా ఉంది, అడుగున.

నేనేమీ అనలేదు. అమ్మేవాణ్ణి.
నిజం చెప్పాలంటే నాకూ ఆ హోరే ఇష్టం:
అందులో ఎవరినీ ఓదార్చక్కర్లేదు.

హేమీ కొనకుండానే వెళ్లాడు.
స్టువర్ట్ వీధి ఎత్తు ఎక్కుతూ,
టోపీ చెవులమీదికి లాక్కుని,
మూడో పాట ఈలవేస్తున్నాడు
శ్రుతి తప్పి,
తనకు తెలీకుండా.