మూత లోపలి అంకె

పెట్రోలు మూత వెనక చిన్న స్టిక్కరు.
ఉప్పుగాలి సగం నాకేసింది.
తొమ్మిది మాత్రం మిగిలింది,
పక్క అంకె ఒకటో, ఐదో, ఎనిమిదో.
టార్చి వేసి చూశాను, గోటితో గీకాను,
ఇంకాస్త పోయింది.

సిరిపురం బంకులో మూడు రకాలు.
మామూలుది. తొంభై ఐదు. నూరు.
"మీ బండికి నూరే కదా మేడమ్"
అన్నాడు కుర్రాడు, నా ఎర్ర రెండు సీట్ల కారు చుట్టూ
ఒకసారి తిరిగొచ్చి.
లీటరు నూట అరవై.

నేను మత్తు డాక్టర్ని.
కేజీహెచ్‌లో ఇరవై ఆరేళ్ళు.
ఖరీదైన మందు కదాని ఎక్కువెక్కించను,
ముందు మనిషి బరువు అడుగుతాను.
అయినా ఆ పూట కార్డు తీసిచ్చాను.
ఎరుపు ఎంత మోతాదులో పనిచేస్తుందో
ఏ పుస్తకంలోనూ చదవలేదు.

బిల్లు చూసి సన్యాసిరావు నవ్వాడు.
అక్కయ్యపాలెంలో రేకుల షెడ్డు అతనిది.
అంతకు ముందు మల్కాపురంలో, రిఫైనరీ లాబులో
ఒంటి సిలిండరు ఇంజను పక్కన స్టూలేసుకుని
పంతొమ్మిదేళ్ళు పెట్రోలు మాట విన్నాడు.
ఎడమ చెవి దానికే ఇచ్చేశాడు.

"నూరంటే బలం కాదమ్మా.
ఓర్పు.
పిస్టను పైకొచ్చి ఎంత నొక్కినా
నిప్పురవ్వ పిలిసేదాకా అంటుకోకుండా కూకోడం.
బేగి అంటుకున్నదే సెడ్డది.
మీ బండికెంత ఓర్పు గావాలో
నాకేటి తెలుస్తాది? దాన్నే అడగండి.
కొండెక్కించండి."

ఆదివారం. ట్యాంకు ఎండగట్టి, మామూలుది పోసి
యారాడ కొండ.
మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పక్కన అతను.
మూడో మలుపులో గేరు దించనివ్వలేదు.
"తొక్కండి. ఇంకా."
రేకు డబ్బాలో చింతగింజలు.
నాకు వినిపించేలోపే
అతని అరచెయ్యి డాష్‌బోర్డు మీదుంది.
ఆ చప్పుడు నాకు తెలుసు,
మరో రూపంలో:
మాస్కు కింద గొంతు బిగుసుకోబోతూ
వేసే సన్నటి ఈల.
కాలు దానంతటదే పైకి లేచింది.

"ఇందులో సెరుకు సారా కూడా కలుస్తాది" అన్నాడు.
అనకాపల్లి దాటేటప్పుడు వచ్చే బెల్లం వాసన
ఉంటుందేమోనని ట్యాంకు దగ్గర వంగి చూశాను.
లేదు. ఉత్త పెట్రోలే.
"పదారేళ్ళ రబ్బరు గొట్టాలు, దానికి పడవు.
మారుద్దాం, నాలుగు వేలు.
అందుకోసం నూరు పొయ్యక్కర్లేదు."

మరుసటి ఆదివారం తొంభై ఐదు.
అదే మలుపు, అదే గేరు.
చింతగింజలు లేవు.
ఆ పై ఆదివారం నూరు.
అదే నిశ్శబ్దం.
కాకపోతే లీటరు నూట అరవై రూపాయల నిశ్శబ్దం.

పైన ఆపాం.
ఒక పక్క సముద్రం,
ఇంకో పక్క రిఫైనరీ గొట్టం మీద
పగలు కూడా వెలుగుతున్న మంట.
చాలాసేపు ఆ పక్కే చూశాడు.
"ఆ గది పడగొట్టీసారట" అన్నాడు.
తర్వాత టైర్ల గాలి గురించి మాట్లాడాడు.

దిగేటప్పుడు నిద్రపోయాడు.
అలవాటు కొద్దీ ఊపిరి లెక్కపెట్టాను.
నిమిషానికి పద్నాలుగు. బాగుంది.
మలుపులు మెల్లగా తీసుకున్నాను.

స్టిక్కరు పూర్తిగా పీకేసి
ఆపరేషన్‌కి ముందు చర్మం మీద గీతలు గీసే పెన్నుతో
మూత లోపల తొంభై ఐదు రాశాను.
చెరిగితే మళ్ళీ రాస్తాను.

బంకులో అదే కుర్రాడు.
"నూరే కదా మేడమ్?"
మూత తెరిచి చూపించాను.
అంకె చదివాడు, కారు వైపు చూశాడు,
పాపం, దాని అద్దం
అడక్కుండానే తుడిచిపెట్టాడు.