క్యాసెట్టు రెండో వైపు

గ్రిమ్స్‌బీ చేపల రేవు వెనక
ఇంజన్ ఆపి, పాట ఆపకుండా కూచున్నాను.
సెకండ్‌హ్యాండ్ కారుతో పాటే వచ్చిన జపాను క్యాసెట్టు.
సీటు కింద పాత యజమాని గొడుగు తొడుగు
ఇంకా అలాగే ఉంది.

ఒక్క ముక్క అర్థం కాదు.
అందుకే పెట్టుకుంటాను.
తెలుగు పాటైతే ఓదార్చడానికొస్తుంది,
ఇవాళ నన్నెవరూ ఓదార్చక్కర్లేదు.

చరణం చివర మాత్రం ఆ గొంతు
“ఆమె... ఆమె...” అని సాగుతుంది.
మూడు నెలలు నమ్మాను,
పాడేవాడికీ ఒకామె ఉండేదని,
సామాను సర్దుకుని ఏ మంగళవారమో వెళ్ళిపోయిందని.

నిన్న క్యాంటీన్లో
చేతులకి చేప పొలుసులతో హిసాయో నవ్వింది:
“అదా? వాన. ఉత్త వాన.”

వైపర్లు వెయ్యలేదు.
అద్దం మీద ఆమె
పడుతూనే ఉంది.