ఇంగా

గ్రీమ్స్‌పేట మిద్దెపైన, రాత్రి ఏడింటి క్లాసు.
బెల్లం మండీలో కాటా దించి నేరుగా వస్తా,
చేతి జిగురుకి నోటుబుక్కు పేజీలు
రెండేసి తిరుగుతాయి.

దొరస్వామి సారు బోర్డు మీద
హ్యావ్‌కీ గాన్‌కీ నడుమ వేలెడు సందు వదిలినాడు.
"జస్ట్, ఆల్రెడీ, నెవర్, ఇరుక్కోని కూర్చునేది ఈడే,
పలమనేరు బస్సులో మూడో మనిషి మాదిరి."
యెట్ మాత్రం కడాకు పోయి
ఫుట్‌బోర్డు మీద నిలబడుతుందంట.
నిన్న అనే మాటను
ఈ బండి అసలు ఎక్కించుకోదంట.

నా పక్కన రెడ్డెమ్మ చెయ్యెత్తింది.
"ట్యాంకరొచ్చి పదైదు దినాలు సార్. ఎట్ల చెప్పేది?"
"హ్యాజ్ నాట్ కమ్ యెట్."
రాసుకుంది. కాసేపు దాన్నే చూసింది.
"మా మాటలో ఇంగా ముందొస్తుంది సార్.
ఇంగా రాలా.
నోరు తెరిస్తే మొదట ఎదురుచూపే.
వీళ్లకి అంతా చెప్పినాక
చివర్న గుర్తొస్తుందా?"

సారు సుద్దముక్క వేళ్లమధ్య తిప్పుకుంటా ఉండిపోయినాడు.

కింద సందులో హారను మోగింది.
రెడ్డెమ్మ సగం లేచి
ఆ వేలెడు సందులో ఆగింది.

పాల వ్యానంట.