రెండు-రెండు సైజు చెయ్యి

సెప్టెంబరు మొదటి వారం. సిగ్నెట్‌లో వసంతమట.
క్యాలెండరు అంది కాబట్టి నేనూ సరే అన్నాను.
కోళ్ల నీళ్లతొట్టి మాత్రం ఒప్పుకోలేదు;
మడమతో నాలుగు తన్నులు తంతేగాని
మంచుపలక పగల్లేదు.

బూట్లు బోర్లించి దులిపాకే కాళ్లు పెట్టాలిక్కడ.
సాలీడు పడింది. దాని దారిన అది పోయింది,
నా దారిన నేను, చేతిలో దాణా బకెట్టు.
గుడ్లు పదకొండు.
పన్నెండోది పొదుగుకి కూర్చున్న ఎర్రపెట్ట కింద ఉంది.
చెయ్యి పెడితే పొడిచింది.
ఉంచుకోవే తల్లీ, అన్నాను.

మా మేకలకి తెలుగు తిట్లే తలకెక్కుతాయి.
ఇంగ్లీషులో బతిమాలితే నెమరు ఆపి
పన్ను వసూలుకొచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తాయి.
"నీ దుంప తెగ" అంటే చాలు
పాలపీట ఎక్కి బుద్ధిగా నిలబడతాయి.
మొన్న ఈనినదాని ముర్రుపాలు దాని పిల్లలకే.
జున్ను గుర్తొచ్చింది.
నోరు మూసుకుని సీసా పట్టాను.

కొండవాలంతా వాటిల్ పూసింది,
మన తుమ్మకి పిన్నికూతురు, ముళ్లు మరిచిపోయిన పిల్ల.
కంచె పక్కగా నడిచానంతే,
స్వెట్టరు నిండా పసుపు, పిలవని పేరంటం.

అప్పుడు నెవిల్ కేక, కంచె అవతలనుంచి.
డెబ్బై ఆరేళ్లు. పారల్లాంటి చేతులు.
"నీ చెయ్యి కాస్త కావాలి" అన్నాడు,
ఉప్పు అరువడిగినట్టు.

షెడ్డులో గొర్రె పక్కకి ఒరిగి ఉంది.
ఒక్క కాలే బయటికొచ్చింది,
రెండోది లోపలెక్కడో మడతపడింది.
గాజులు తీసి మేకుకి తగిలించాను.
రెండు-రెండు సైజు. కొట్లో ఎప్పుడూ
"చిన్నపిల్లల వరసలో చూడండమ్మా" అనేవాళ్లు.
పెళ్లిచూపులకొచ్చిన ఒకావిడ
ఈ వేళ్లు పట్టుకు చూసి, "పనికి ఆనవు" అంది.

సబ్బునీళ్లు, మోచేతి దాకా.
లోపల చీకటి వేడిగా ఉంది.
కళ్లు మూసుకుంటేనే కనిపిస్తుందక్కడ.
ఇది ముక్కు. ఇది నాలుక.
నా వేలు చీకింది!
బతికుంది నెవిల్, బతికుంది.
మోకాలు దొరికింది. తల్లికి గీసుకోకుండా
గిట్టని అరచేతిలో దాచి,
నొప్పి వస్తే ఆగి,
పోతే కొంచెం తిప్పి,
మళ్లీ ఆగి,
ఇక నొప్పితో పాటే లాగితే
ఒళ్లో పడింది, తడిసిన చేతిసంచిలా.

కదల్లేదు.
నెవిల్ గడ్డిపరకతో దాని ముక్కులో గిలిగింత పెట్టాడు.
మళ్లీ పెట్టాడు.
తుమ్మింది.
"చిరంజీవ" అన్నాను, అలవాటుకొద్దీ.
అంటే ఏమిటని ఆయన అడగలేదు.
టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

తిరిగొస్తుంటే గడ్డిలోంచి లేచి
తీతువు నా నడినెత్తి మీదకే దిగింది.
మా వైపు దాని కూత వింటే
దీపం పెట్టే వేళ కూడా తలుపులు మూసేవాళ్లు.
బకెట్టు నెత్తిన బోర్లించుకుని పరిగెత్తాను.
గుడ్లు పెట్టుకుంది పాపం,
నా అడుగులే దానికి అపశకునం.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాక
మణికట్టు బోసిగా తోచింది.
గాజులు నెవిల్ మేకుకే ఉన్నాయి.
వెళ్లి తెచ్చుకుందామని లేచాను కూడా.

ఆయనకింకా తొమ్మిది గొర్రెలున్నాయి ఈనాల్సినవి.
ఉండనీ.